పెద్దాయన పసుపు

కనకవల్లికి భయస్తురాలని పేరు. ముప్పై రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి, ఇప్పటికీ ఇంట్లో గ్యాసుపొయ్యి వెలిగించాలంటే రెండడుగులు వెనక్కి నిలబడి చెయ్యి మాత్రం ముందుకి చాపుతుంది. “వల్లిగారు మజ్జిగలో ఉప్పు కలపాలన్నా కళ్ళజోడు పెట్టుకుంటారు” అని తోటి లెక్చరర్లు వేళాకోళం చేసేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు. లోకంలో ధైర్యం సగానికి సగం తెలియనితనమేనని ఆవిడ నమ్మకం. పాముని చూసి తాడనుకున్నవాడు ధైర్యంగానే పట్టుకుంటాడు, అందుకని వాణ్ణి మెచ్చుకుంటామా?

అంత జాగ్రత్త గల మనిషి వల్లే ఆ రోజు రాజమండ్రిలో ఒక పసిప్రాణం మీదికి వచ్చింది.

ఇన్నీసుపేటలో వక్కలంక సూర్యప్రకాశంగారి ఇంటిని మ్యూజియం చేశారు. సూర్యప్రకాశంగారు పోయి అరవయ్యేళ్ళు దాటింది. పులస సముద్రం వదిలి గోదావరికి ఎందుకు ఎదురెక్కుతుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎర్రనీరు వచ్చిందని దానికెవరు చెబుతారో ఇరవయ్యేళ్ళు పడవల్లో తిరిగి తేల్చిన మనిషి. వైదీకుల ఇంట పుట్టి చేపలు కోశాడని వాళ్ళ నాన్నగారు ఆయనకి వీధరుగు మీదే విస్తరి వేయించేవారట. ఇప్పుడదే అరుగు మీద ఆయన విగ్రహం పెట్టారు. ఊరు ఆలస్యంగానైనా సిగ్గుపడింది, సంతోషం.

ఆయన అన్నగారి మనవడు శరత్‌చంద్ర ఈ పనంతా నెత్తిన వేసుకున్నాడు. రిటైరై ఖాళీగా ఉన్న కనకవల్లిని తీసుకొచ్చి సీసాలూ పరికరాలూ సర్దే పని అప్పగించాడు. తుడవడానికీ ఊడవడానికీ అచ్చాయమ్మ ఉంది. ఏభై అయిదేళ్ళ మనిషి, గట్టి చేతులు, అంతకన్నా గట్టి నోరు. కూతురు భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంటే మనవరాలు రాణిని తన దగ్గరే ఉంచుకుని చదివిస్తోంది. అచ్చాయమ్మకి సూర్యప్రకాశంగారంటే దేవుడే. పొద్దున్నే ఆయన ఫొటోకి అగరువత్తి వెలిగించకుండా చీపురు పట్టేది కాదు.

ఫిబ్రవరిలో పెరటి గదిలో పాత అలమర తెరిచినప్పుడు ఒక గోధుమరంగు సీసా బయటపడింది. సగానికి పైగా పసుప్పచ్చటి పొడి, దాని పైన వేలెడు నీళ్ళు. సీసా మీద పెద్దాయన సొంత దస్తూరీ. చదవగానే కనకవల్లి రెండడుగులు వెనక్కి వేసింది. పిక్రిక్ ఆసిడ్. చేప గుడ్లూ కండపొరలూ చెడిపోకుండా నిలపడానికి పాతకాలం వాళ్ళు వాడేవారు. నీళ్ళలో ఉన్నంతసేపూ సాధువు. ఎండిందా, బాంబుల్లో పోసే మందే అది. దెబ్బ తగిలినా, రాపిడి తగిలినా, వేడి తగిలినా చాలు. ఇక రాగి, ఇత్తడి లాంటి లోహంతో జట్టు కట్టిందంటే దాని పక్కన గట్టిగా తుమ్మడానికి కూడా భయపడాలి.

“దీన్ని పంపించెయ్యాలి శరత్‌గారూ, ఇవాళే” అంది.

“తాతగారి దస్తూరీ ఉన్న సీసా ఇదొక్కటేనండి. నీళ్ళలో ఉంటే ప్రమాదం లేదని మీరే అంటున్నారుగా” అన్నాడతను.

ఆవిడ మరో నాలుగు మాటలు అని ఉండాల్సింది. అనలేదు. సీసా నిండా నీళ్ళు పోసి, అన్నిటికన్నా కింది అరలో పెట్టి, “ఎప్పుడూ నీళ్ళలోనే ఉంచవలెను” అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో చీటీ అంటించింది. రోజూ ఆ గది తుడిచేది అచ్చాయమ్మ. అచ్చాయమ్మకి తెలుగే చదవడం రాదు. నోటితో ఒక్క మాట చెబితే పోయేది. చెప్పినా అర్థం కాదులే, పైగా ఊరంతా టాంటాం వేస్తుందేమోలే అనుకుని కనకవల్లి ఊరుకుంది. ఏప్రిల్లో మోకాలి ఆపరేషనంటూ వెళ్ళి మూడు నెలలు మంచం పట్టింది.

ఆగస్టులో పెద్దాయన పుట్టినరోజుకి మ్యూజియం తెరవాలని నిర్ణయించారు. కనకవల్లి పది రోజుల ముందు చేతికర్ర పట్టుకుని వచ్చింది. గోడల మీద పెట్టే రాతలు దిద్దడంతోనే ఆ పది రోజులూ సరిపోయాయి. కింది అర చూడాలంటే మోకాలు వంచాలి. రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ తెరిచే రోజు దాకా తెచ్చుకుంది.

ఆ పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ గది గుమ్మంలో అడుగు పెట్టేసరికి అచ్చాయమ్మ నేల మీద చతికిలబడి కూర్చుని ఉంది. ఎడమచేత్తో సీసాని పొట్టకి అదిమి పట్టుకుంది. కుడిచేతికి చీరకొంగు చుట్టి మూతని గుండ్రంగా, కసిగా తోముతోంది. సీసాలో నీళ్ళు లేవు. తోమినప్పుడల్లా లోపల పొడి పొడిగా, జల్లుజల్లుమని కదులుతోంది. మూత ఇత్తడిది.

కనకవల్లికి మోకాలి నొప్పి కూడా తెలియకుండా పోయింది. అరవబోయి నోరు నొక్కుకుంది. అరిస్తే అచ్చాయమ్మ ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే సీసా జారుతుంది. నేల చూస్తే నాపరాయి.

“అచ్చాయమ్మా, కాఫీ తాగావా?” అంది. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

“లేదండి అమ్మగారూ. ఇది తళతళలాడించేసి తాగుతానండి. కలెక్టరుగారొత్తున్నారు కదండీ.”

“చాల్లే, బాగానే మెరిసింది. ఇంక తుడవకు. చెయ్యి మూత మీంచి తీసెయ్... ఆఁ, అలాగ. ఇప్పుడు లేవకుండానే దాన్ని ఆ దుప్పటి మీద పెట్టు. పసిపిల్లకి నిద్ర చెడకుండా పక్కలో వేస్తాం చూడు, అలా వెయ్యి.”

అచ్చాయమ్మ వింతగా చూసింది. “ఏంటండీ ఈయాల మీరు...” అంటూనే సీసాని పక్కనున్న మడత దుప్పటి మీద పడుకోబెట్టింది. అది ఒక్క చుట్టు దొర్లి ఆగింది.

“రా, బయటికి రా. కాఫీ తాగుదాం.”

వరండాలోకి వచ్చాక ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. “అందులో నీళ్ళుండాలి కదా అచ్చాయమ్మా, ఏమయ్యాయి?”

“అయ్యాండీ!” అచ్చాయమ్మ ముఖం వెలిగిపోయింది. ఎప్పటినుంచో చెప్పుకుందామని ఎదురుచూస్తున్న గొప్ప అది. “ఎవరో బుద్ధి లేనోళ్ళు పెద్దాయన పసుపులో సీసాడు నీళ్ళు పోసేశారండి. తడి తగిలితే ఏదన్నా నిలవుంటుందాండీ? ఆవకాయైనా అంతే కదండీ. బూజు పట్టేస్తదని రోహిణికార్తెలో డాబా మీద పాతచీర పరిచి మూడ్రోజులు ఎండబెట్టానండి. ఉండలు కట్టేస్తే చెంచాతో చిదిపానండి. బిరడా చివికిపోయింది, మా కుంకుమభరిణె మూత అతికినట్టు సరిపోయిందండి. అరచేత్తో నాలుగు దెబ్బలేసి బిగించాను. ఇంక గాలి కూడా దూరదండి.”

బుద్ధి లేని ఆ ఎవరో ఎదురుగా నిలబడి వింటోంది. చెంచాతో చిదిపింది, అరచేత్తో కొట్టింది. ఈ మనిషి ఇప్పుడు రెండు చేతులూ ఉండి కబుర్లు చెబుతోందంటే అది ఏ దేవుడి దయో కనకవల్లికి తెలియలేదు. తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం మాత్రం శబ్దం కాకుండా వేసింది.

శరత్‌చంద్ర వీధరుగు మీద పూలదండలు కట్టిస్తున్నాడు. విషయం చెబితే మొదట నవ్వాడు, తరవాత నవ్వు మాని, “పదకొండింటికి కలెక్టరుగారు వస్తున్నారండి, ఇప్పుడు పోలీసులంటే మన పరువేం కాను? మెల్లగా నీళ్ళు పోసేస్తే పోదా?” అన్నాడు.

“మూత తిప్పితే మీరు పోతారు. మీతో పాటు మీ తాతగారి ఇల్లు పోతుంది.”

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వెంటనే ఫోన్ తీశాడు. పావుగంటలో పోలీసులు వచ్చి ఇంట్లోవాళ్ళనీ పక్కిళ్ళవాళ్ళనీ వీధి చివరికి తరిమారు. బాంబు స్క్వాడు దారిలో ఉందన్నారు.

వీధి చివర టీకొట్టు బల్ల మీద కనకవల్లి కూలబడింది. పక్కనే అచ్చాయమ్మ, తిట్టించుకున్న చిన్నపిల్లలా చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పసుపు కాదని, మందుగుండని ఇప్పుడు ఆమెకి తెలిసింది. తెలిసినా పూర్తిగా నమ్మకం కలగలేదు. పెద్దాయన ఇంట్లో చెడ్డది ఎందుకుంటుంది?

పాఠం చెప్పిన అలవాటు ఊరికే పోదు. ఆ భయంలో కూడా కనకవల్లి బుర్ర లెక్క సరిచూస్తోంది. ఫిబ్రవరిలో పొడి సీసాలో సగానికి పైనే ఉంది. ఇందాక దుప్పటి మీద దొర్లినప్పుడు సగానికి తక్కువ కనిపించింది.

“అచ్చాయమ్మా, ఎండబెట్టిందంతా తిరిగి సీసాలో పోశావా?”

“పోశానండి.”

“మొత్తం?”

“డాబా మీద గాలికి కాస్త పోయిందండి. వానకి కొట్టుకుపోయింది.” అక్కడితో ఆగింది. చూపు నేల మీదికి దిగింది.

“ఇంకా?”

“చిటికెడండి... ఒక్క చిటికెడు.”

“ఎక్కడ పెట్టావ్?”

అచ్చాయమ్మ కొంగు మళ్ళీ వేలికి చుట్టుకుంది. “రాణికి చదివింది నిలవట్లేదండి. ఎక్కాలు పొద్దున్న చెప్తే సాయంత్రానికి ఉండవు. అంత బుర్రున్న పెద్దాయన చేత్తో ముట్టుకున్న పసుపు కదా, పిల్ల ఒంటి మీద ఉంటే మంచిదనుకున్నానండి. పెద్దాపురం మరిడమ్మ తీర్థంలో రాగి తాయెత్తు కొని...”

మిగతాది కనకవల్లికి వినపడలేదు. రాగి. ఎండిన మందు, రాగి గొట్టంలో, పిల్ల మెడలో.

“మూతెలా బిగించావ్?”

“లక్క కరిగించి అంటించానండి. ఊడకుండా.”

“ఎన్నాళ్ళయింది?”

“నలభై రోజులండి.” ఎదుటి ముఖం చూసే అర్థమైపోయింది ఆమెకి. “అమ్మగారండీ, అది కూడా పేలుద్దాండీ? చిటికెడే కదండీ?”

చిటికెడు చాలు. గొంతుకి ఆనుకుని ఉన్నప్పుడు చిటికెడు చాలు. ఆ మాట కనకవల్లి పైకి అనలేదు. “రాణి ఎక్కడుంది?” అని మాత్రం అడిగింది.

రాణి ఉన్నది మునిసిపల్ స్కూల్లో. తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి. ఆ స్కూలు పిల్లలే కోలాటం ఆడుకుంటూ ఊరేగింపుగా మ్యూజియానికి రావాలని ఏర్పాటు. రాణి కలెక్టరుగారి ముందు సూర్యప్రకాశంగారి మీద అయిదు వాక్యాలు చెప్పాలి. తొమ్మిదిన్నరకి బయల్దేరతారు. టీకొట్టు గడియారంలో తొమ్మిదీ పది.

శరత్‌చంద్ర స్కూలుకి ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పిల్లలకి జడలు వేసే హడావిడిలో ఎవరెత్తుతారు? కనకవల్లి ఆటో ఎక్కింది. పక్కన అచ్చాయమ్మ.

“తాయెత్తుని రాణి ఏం చేస్తూ ఉంటుంది? ఊరికే వేలాడుతుంటుందా?”

అచ్చాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఆలోచన వస్తే నోట్లో పెట్టుకుంటదండి. కొరుకుద్ది. ఎన్నిసార్లు మొత్తినా మానదండి.”

కొరుకుతుంది! పంటి కింద రాగి గొట్టం. ఆటో గతుకులో పడ్డ ప్రతిసారీ ఎక్కడో ఇంకో చోట ఆ పిల్ల గెంతుతున్నట్టూ, మెడలో ఆ గొట్టం ఎగిరి గుండెకి కొట్టుకుంటున్నట్టూ ఉంది. నలభై రోజులుగా ఏం కాలేదు కదా అని మనసుకి చెప్పుకోబోయింది. కెమిస్ట్రీ ఒప్పుకోలేదు. నలభై రోజులుగా రాగీ మందూ కలిసి ముదురుతున్నాయంటే నిన్నటి కన్నా ఈ రోజు ఎక్కువ ప్రమాదం. ఆవిడకి ఇంటికి పారిపోవాలని ఉంది. సిగ్గు లేకుండా, నిజంగా, ఆటో తిప్పించుకుని ఇంటికి పోయి తలుపేసుకోవాలని ఉంది. ఆ చీటీ అంటించినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే పారిపోయిందని అప్పుడు తెలిసింది.

“విను అచ్చాయమ్మా. పిల్లని చూడగానే పరిగెత్తకు. కేకెయ్యకు. దాన్ని పట్టుకుని లాగావో, అంతే సంగతులు. నేను చెప్పినట్టు చెయ్యి.”

“అలాగేనండి” అంది అచ్చాయమ్మ.

స్కూలు ఆవరణలో డెబ్భైమంది ఆడపిల్లలు పట్టుపరికిణీల్లో వరసలు కట్టి ఉన్నారు. చేతుల్లో కోలాటం కర్రలు. అప్పుడే ఒక వరస కర్రలు టపటపలాడించింది. రాణి వాళ్ళలో లేదు. జెండా స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడి, ఆకాశం వంక చూస్తూ, పాఠం నెమరు వేసుకుంటోంది. నోట్లో తాయెత్తు ఉంది. నల్లతాడు రెండు పెదవుల మధ్య నుంచి మెడ మీదికి సాగి ఉంది. దవడ కదులుతోంది.

అచ్చాయమ్మ ఒక్క అడుగు వేసింది. కనకవల్లి ఆమె మణికట్టుని గోళ్ళు దిగేలా పట్టుకుంది.

దగ్గరున్న టీచరు పేరు భానుశ్రీ. జడలకి రిబ్బన్లు కత్తిరించే కత్తెర ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. కనకవల్లి ఆమె చెవిలో రెండు ముక్కలు చెప్పి కత్తెర తీసుకుంది. పిల్లల్ని మెల్లగా, కర్రలు కింద పెట్టించి, వెనక గేటు నుంచి బయటికి నడిపించమంది. ఒక బక్కెట్టుడు నీళ్ళు తెచ్చి గ్రౌండు మధ్యలో పెట్టి వెళ్ళిపొమ్మంది. భానుశ్రీ ముఖం కత్తివాటుకి నెత్తురు చుక్క రానట్టు అయిపోయింది గానీ ఆ టీచరు గట్టిది, నోరెత్తలేదు.

ఇప్పుడు రాణి నోరు తెరిపించాలి. వదులు అంటే పిల్లలు పళ్ళు బిగిస్తారు. ఇచ్చెయ్ అంటే లాక్కుంటారు. ముప్పై రెండేళ్ళలో కనకవల్లి నేర్చుకున్నది ఒక్కటే ఉంది, ఏ పిల్లైనా అప్పజెప్పమంటే నోరు తెరవక తప్పదు.

“రాణమ్మా, నీ అయిదు వాక్యాలూ వచ్చేశాయా? ఏదీ, నాకు చెప్పు” అంది నవ్వుతూ. ఆ నవ్వు ముఖానికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

రాణి అమ్మమ్మని చూసి నవ్వింది. నోట్లోంచి తాయెత్తు జారి గుండె మీద టప్పుమని పడింది.

ఏం కాలేదు.

“వక్కలంక సూర్యప్రకాశంగారు మన ఊరివారు” అని మొదలుపెట్టింది రాణి, చేతులు కట్టుకుని, రాగం తీస్తూ. అచ్చాయమ్మ వెళ్ళి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. కనకవల్లి బడి కుళాయి దగ్గర చేతిరుమాలు తడిపి తెచ్చి వెనక్కి చేరింది. ఆపరేషన్ మోకాలు నేలకి ఆనితే ప్రాణం జిల్లుమంది. ఎడమచేతిని పిల్ల భుజం మీంచి ముందుకి చాపి, తడి రుమాలుతో తాయెత్తుని కప్పి, అరచేతిని పిల్ల గుండెకీ ఆ గొట్టానికీ మధ్యకి దూర్చింది. పేలితే ముందు తన చెయ్యి పోవాలి. కుడిచెయ్యి లేకపోతే కష్టం గానీ ఎడమచెయ్యి లేకపోయినా బతకొచ్చు అనిపించింది. ఇదంతా ధైర్యమేం కాదు. భయంతో ఆవిడ రవిక మొత్తం తడిసిపోయింది.

“ఆయన పులస చేప గురించి పరిశోధన చేశారు. పులస... పులస సముద్రం నుంచి...” రాణి ఆగిపోయింది. మూడో వాక్యం ఎగిరిపోయింది. ఆలోచన వచ్చింది. కుడిచెయ్యి అమ్మమ్మ చేతిలోంచి విదిలించుకుని తాయెత్తు కోసం పైకి వచ్చింది.

“ఎదురీదుకుంటూ” అంది కనకవల్లి, పిల్ల చెవిలో.

“ఆఁ! ఎదురీదుకుంటూ గోదావరిలోకి వస్తుంది.” చెయ్యి దిగింది.

కత్తెర మెడ వెనకాల తాడుని కరిచింది. నూనె పట్టిన తాడు, గట్టిది. ఒకసారి తెగలేదు, రెండోసారి సగం తెగింది. లాగకూడదు. కనకవల్లి వేళ్ళు కత్తెర పిడిలో చెమటకి జారుతున్నాయి. నాలుగో వాక్యం అయిపోయింది. అయిదో వాక్యంలో “మనం కూడా ఆయనలా” అంటుండగా తాడు తెగింది.

“శభాష్” అంది కనకవల్లి. “ఇప్పుడు అమ్మమ్మతో బయటికెళ్ళి జీళ్ళు కొనుక్కో. నడిచి వెళ్ళాలి, తెలిసిందా?”

గుప్పిట్లో తడి రుమాలు, రుమాలులో ఆ గొట్టం. గ్రౌండు మధ్యలో బక్కెట్టు అరవై అడుగుల దూరంలో ఉంది. చేతికర్ర లేకుండా, కుంటుకుంటూ, ఊపిరి బిగబట్టి నడిచింది. నీళ్ళలోకి చెయ్యి మోచేతి దాకా దించి, అడుగున వదిలి, చెయ్యి తీసింది. అప్పుడు తిరిగి చూస్తే ఆవరణ ఖాళీ. గేటు అవతల పిల్లల గోల వినిపిస్తోంది. వేపచెట్టు దాకా వెళ్ళి దాని మొదట్లో కూర్చుని కనకవల్లి వాంతి చేసుకుంది.

స్క్వాడు అధికారి వెంకటరాజు నెమ్మదైన మనిషి. మ్యూజియంలో సీసానీ, బడిలో తాయెత్తునీ విడివిడిగా ఇసుక పెట్టెల్లో పెట్టి ఊరవతల పాత క్వారీకి తీసుకెళ్ళాడు. లక్క మూయడం వల్ల తాయెత్తులోకి నీళ్ళు దిగలేదనీ, తెరవడం తన వల్ల కాదనీ, గోతిలో పెట్టి దూరం నుంచి నిప్పంటిస్తాననీ చెప్పాడు. వివరాలు రాసుకోవడానికి కనకవల్లినీ శరత్‌చంద్రనీ రమ్మన్నాడు. అచ్చాయమ్మని ఎవరూ రమ్మనలేదు. అయినా రాణిని చంకనేసుకుని జీపు దగ్గర నిలబడింది. తొమ్మిదేళ్ళ పిల్ల, కాళ్ళు అచ్చాయమ్మ మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

క్వారీకి రెండు వందల గజాలు ఇవతల, రోడ్డు మీదే అందరినీ ఆపేశారు.

“చదువురాని మనిషికి తాళాలివ్వడం మా బుద్ధితక్కువండి” అన్నాడు శరత్‌చంద్ర, వెంకటరాజు రాసుకుంటున్న కాగితం వైపు చూస్తూ.

అచ్చాయమ్మ తల దించుకుంది. కనకవల్లికి ఒళ్ళు మండింది, ముందు తన మీద, తరవాత అతని మీద. “అలా రాయకండి” అంది. “అది ప్రమాదమని తెలిసింది నాకు. తుడిచేది ఈవిడని తెలిసింది నాకు. ఇంగ్లీషులో చీటీ అంటించి, నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను. ఈ శరత్‌గారు వద్దన్నా ఆ రోజే మీకు ఫోన్ చెయ్యాల్సింది, చెయ్యలేదు. నా పేరు పుల్లెల కనకవల్లి. రాసుకోండి.”

వెంకటరాజు రాసుకున్నాడు. “ముందు ఏది కానిస్తారు?” అని ఆవిడ అడిగింది.

“చిన్నదేనండి” అని అతను క్వారీలోకి దిగిపోయాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. రాణికి కాళ్ళు లాగి కిందికి దిగుతానని మారాం చేసింది, అచ్చాయమ్మ దింపలేదు. శరత్‌చంద్ర వాచీ చూసుకున్నాడు. అప్పుడు క్వారీలోంచి ఒక్కసారిగా చప్పుడొచ్చింది. జీపు అద్దాలు గలగలలాడాయి. ఎక్కడెక్కడి కాకులూ లేచి గోలగోలగా తిరిగాయి.

“టపాకాయా అమ్మమ్మా?” అంది రాణి, ఉత్సాహంగా.

అచ్చాయమ్మ కనకవల్లి వైపు తిరిగింది. “అమ్మయ్య, సీసా పీడ పోయిందాండీ?”

అవునని అనేస్తే సరిపోయేది. ఆ మనిషికి ఆ రాత్రి నిద్రైనా పట్టేది. అనేద్దామని కనకవల్లి నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెప్పకపోవడం వల్ల వచ్చిందేమిటో ఆవిడ ఇప్పుడే చెవులారా విన్నది.

“కాదు అచ్చాయమ్మా. సీసా ఇంకా ముట్టించలేదు. అది తాయెత్తు.”

అచ్చాయమ్మ క్వారీ మీద లేస్తున్న దుమ్ముని చూసింది. ఆమె చెయ్యి తనంతట తనే రాణి గొంతు మీదికి వెళ్ళి, అక్కడ గట్టిగా ఆనుకుంది.

“రాత్రిళ్ళు నా మీద బోర్లా పడుకుంటదండి” అంది. “బరువెక్కావే, దిగవే అని వీపు మీద చరిచేదాన్నండి.”